పట్టాల ఊరు, బ్యాటరీ బండి

హౌరాలో బయలుదేరిన రైలు సుమారు 116 కిలోమీటర్లు పడమరగా నడచి ఖరగ్‌పూర్ చేరుతుంది. ప్రపంచంలోకెల్ల పొడవైన ప్లాట్‌ఫారముగా పాఠశాల పుస్తకాలలో చాలాకాలం పేరొందినది ఈ స్టేషన్లోని 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారమే. ఆ ఘనత 2013లో గోరఖ్‌పూరుకు, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్లికి తరలిపోయింది. అయినను కొత్తగా దిగిన ప్రయాణికుని ఆశ్చర్యపరచేది ప్లాట్‌ఫారము పొడవు కాదు. వంగదేశపు గడ్డమీద, మెట్లు దిగీ దిగకముందే, చెవిన పడే తెలుగు మాట. గోల్ బజారులో కూరగాయల బేరం బెంగాలీలో మొదలై హిందీలో సాగి శ్రీకాకుళపు యాసలో తెగడం ఇక్కడ నిత్యకృత్యం.

ఈ తెలుగువారిని ఇక్కడికి తెచ్చినది పట్టాలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పందొమ్మిదో శతాబ్ది ముగియనుండగా ఇక్కడి ఎర్రమట్టి మిట్టమీద కూడలిని, దాని వెంట పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. 1893–96 సంవత్సరాల నడుమ తూర్పు తీరం వెంబడి వేసిన రైలు మార్గంలో ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ చేతికే వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలలో వర్షం తప్పిన ఏడు, వాల్తేరులో రైలెక్కిన కూలి ఖరగ్‌పూరులో దిగి ఫిట్టరుగా, ఖలాసీగా, ఫైర్‌మన్‌గా స్థిరపడినాడు. 1927లో ఇక్కడి వర్క్‌షాపు సమ్మెతో దద్దరిల్లింది. ఆ రైల్వే కార్మికోద్యమాన్ని నడిపిన వారిలో ఒకరైన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా హోదా కల్పించినప్పుడు దాని వెనుక ఉన్న జనసమ్మర్దం ముఖ్యంగా ఈ ఊరిదే.

రైలు ఈ కుటుంబాలకు జీతంతో పాటు మరొక అలవాటును కూడా ఇచ్చింది. అది ప్రతి నెలా చేతికి రాకముందే కొంత విరిగిపోయే జీతం. పొలం మీద బ్రతికినవానికి పంట వచ్చినప్పుడే డబ్బు, రానప్పుడు అప్పు. రైల్వేలో చేరినవానికి భవిష్యనిధి అనేది ఒకటి తెలియకుండానే పెరుగుతూ వచ్చింది. కూతురి పెళ్లి, ఊళ్లో పెంకుటిల్లు, విశ్రాంతి తీసుకున్న నాటి చేతిసొమ్ము — మూడూ ఆ ఖాతా నుంచే. 1957లో రైల్వే ఉద్యోగులకు పింఛను పథకం వచ్చింది. అందులో చేరినవారికి బ్రతికినంతకాలం నెలనెలా కొంత, వారి తదనంతరం భార్యకు కొంత. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి ఆ హామీ పోయి, మార్కెట్టుతో పాటు పెరిగి తరిగే జాతీయ పింఛను విధానం దక్కింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోనికి వచ్చిన ఏకీకృత పింఛను పథకం ఆ హామీలో కొంత భాగాన్ని తిరిగి తెచ్చింది: 25 సంవత్సరాల సర్వీసు నిండినవారికి చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం. ఒకే ఇంట తాత భవిష్యనిధి మీద, తండ్రి పింఛను మీద, కొడుకు మార్కెట్టు మీద ఆధారపడిన సంసారాలు ఈ కాలనీలలో అరుదు కాదు. మనుమని సంగతి వేరు. వర్క్‌షాపు గేటు అతని తాతకు తెరచుకున్నంత వెడల్పుగా అతనికి తెరచుకోలేదు.

భవిష్యనిధికి తోడు తెలుగువారు తమ ఊళ్లనుంచి మోసుకువచ్చిన మరొక సాధనం చీటీ. ఇరవై మంది కలిసి నెలకు ఐదువేల చొప్పున ఇరవై నెలలు కట్టుకుంటారు. అవసరం ముదిరినవాడు లక్ష రూపాయల చీటీని కొంత తగ్గించి పాడుకుంటాడు, ఆ తగ్గింపు మిగిలినవారికి పంపకమవుతుంది. వడ్డీ అనే మాట ఎవరి నోటా రాదు గాని లెక్కంతా వడ్డీయే. బెంగాలులో మాత్రం 'చిట్ ఫండ్' అన్న మాట వినగానే జనం ఉలిక్కిపడతారు. 1980లో సంచయిత సంస్థ కూలినప్పుడు, 2013లో శారదా సంస్థ కూలినప్పుడు నష్టపోయిన లక్షలాది కుటుంబాలకు ఆ పేరు ఒక గాయం. నిజానికి ఆ సంస్థలు నడిపినవి చీటీలే కావు. ఒకరి సొమ్ము తెచ్చి మరొకరికి వడ్డీగా చెల్లించిన ఏర్పాట్లవి. చీటీ పాడేవారు ఒకరి మొహం ఒకరు ఎరుగుదురు. అక్కడ మొహమే లేదు. తెలుగు పేట దాటి బెంగాలీ పేటలోకి అడుగు పెట్టిన ఈ ఒక్క మాటకు అర్థం ఎంత మారిపోయిందో గమనించదగినది.

మనుమని కథ కోసం స్టేషను విడిచి జాతీయ రహదారి దిక్కుగా వెళ్లవలసి ఉంటుంది. కలకత్తా నుంచి చెన్నై పోయే 16వ నెంబరు రహదారి, బిలాస్‌పూర్ పోయే 49వ నెంబరు రహదారి ఖరగ్‌పూరు పొలిమేరలో కలుసుకుంటాయి. మొదటి దానిమీద దక్షిణంగా సాగిపోతే శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, నెల్లూరు వరుసగా వస్తాయి. ఆ కూడలి ప్రాంతంలోనే, ఒకప్పుడు సాలవృక్షాలు, చిట్టడవి తప్ప మరేమీ పండని ఎర్రమట్టి నేలమీద, పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ వెయ్యి ఎకరాలకు పైబడిన విస్తీర్ణంలో ఒక వాడను నిర్మించింది. దాని పేరు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్.

ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఈ మేదినీపురం సీమవాడే. నేటి పశ్చిమ మేదినీపుర్ జిల్లాలోని బీర్‌సింగా గ్రామంలో 1820లో జన్మించారు. వితంతు పునర్వివాహ శాసనం 1856లో వెలువడడానికి ఆయన చేసిన కృషిని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించి 'దక్షిణదేశ విద్యాసాగరుడు' అనిపించుకున్నది ఆ బాటలోనే. అయితే విద్యాసాగరుడు 1872లో స్థాపించిన మరొక సంస్థ ఇంతగా ప్రచారంలోకి రాలేదు. దాని పేరు హిందూ ఫ్యామిలీ యాన్యుటీ ఫండ్. గృహస్థు జీవించి ఉండగా నెలనెలా కొంత చందా చెల్లిస్తాడు. అతడు కన్నుమూసిన తరువాత భార్యకో, తల్లికో, పిల్లలకో నెలకింత అని అందుతుంది. మళ్లీ పెళ్లి చేసుకోని వితంతువు కూడా అన్నానికి ఎవరి గుమ్మమూ ఎక్కకూడదన్నది ఆయన ఆలోచన. కొద్ది సంవత్సరాలలోనే నిర్వాహకులతో పొసగక ఆయన ఆ సంస్థకు దూరమైనారు. పారిశ్రామిక వాడకు ఆయన పేరు పెట్టిన అధికారులకు ఈ సంగతి స్ఫురించి ఉండకపోవచ్చు. గేటు వెలుపల బ్యాటరీ రిక్షాలో కూర్చున్న యువకునికి అది గుర్తు చేయదగిన సంగతే.

వాడ లోపల చూడదగినవాటిలో మొదటిది టాటా హిటాచీ కర్మాగారం. భూమి తవ్వే ఎక్స్‌కవేటర్లు ఇక్కడ తయారవుతాయి. 2010లో జపాను సంస్థ హిటాచీ తన వాటాను 60 శాతానికి పెంచుకున్న తరువాత, 2012లో ఈ కంపెనీకి ప్రస్తుత నామం వచ్చింది. 2025లో బిర్లా ఓపస్ రంగుల కర్మాగారం ఖరగ్‌పూరులో ఉత్పత్తి ప్రారంభించింది. వెడల్పైన రోడ్లు, ఎత్తైన కంచెలు, షిఫ్టు మారే వేళ తప్ప మనిషి కనబడని నిశ్శబ్దం. రైల్వే వర్క్‌షాపు ఊరి నడుమ పెరిగింది, దాని సైరను మీద ఇళ్లలో పొయ్యిలు వెలిగేవి. ఈ వాడ ఊరికి దూరంగా, రోడ్డుకు దగ్గరగా పెరిగింది. పని చేయవలసిన చేతులు యంత్రాలవి కావడం చేత ఎకరాల లెక్కకూ ఉద్యోగాల లెక్కకూ పొత్తు కుదరదు.

ఇటువంటి వాడలకు పెట్టుబడిని రప్పించాలన్న ఉద్దేశంతో 2019 సెప్టెంబరు 20న కేంద్ర ప్రభుత్వం కంపెనీల ఆదాయపు పన్నును బాగా తగ్గించింది. ఇతర మినహాయింపులు వదలుకునే కంపెనీకి 22 శాతం. సర్‌చార్జి, సెస్సు కలిపితే సుమారు 25.17. ఆ సంవత్సరం అక్టోబరు 1 తరువాత కొత్తగా నమోదై వస్తువులు తయారు చేసే కంపెనీకి 15 శాతం; అన్నీ కలిపి సుమారు 17.16. దీనివల్ల ఖజానాకు ఏటా 1,45,000 కోట్ల రూపాయలు తగ్గుతాయని ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఆనాడే ప్రకటించారు. 15 శాతం రాయితీ పొందడానికి ఉత్పత్తి ప్రారంభించవలసిన గడువు ఒకసారి పొడిగింపు పొంది, 2024 మార్చి 31తో ముగిసింది. ఇందులో ఒక మెలిక ఉన్నది. రాయితీ కొత్త కంపెనీకే గాని కొత్త షెడ్డుకు కాదు. పాత కంపెనీ ఎర్రమట్టి నేలమీద ఎంత కొత్త కర్మాగారం కట్టినా 22 శాతంతోనే తృప్తి పడవలసినదే. పన్ను తగ్గింది గనుక కర్మాగారం వచ్చిందో, రాదలచుకున్న కర్మాగారానికే పన్ను తగ్గిందో తేల్చడం కష్టం. పట్టాలు, రెండు రహదారులు, హల్దియా రేవు సామీప్యం — వీటికి ఏ శాసనమూ అక్కరలేదు.

పన్ను శాతాలమీదనే పత్రికలు చర్చలు నడుపుతాయి. కంపెనీ లెక్కలలో అంతకన్న ఆసక్తికరమైన పద్దు మరొకటి ఉన్నది. దాని పేరు తరుగుదల. కంపెనీ కొన్న యంత్రం ఏటేటా అరిగిపోతుంది. ఆ అరుగుదలను ఖర్చుగా వ్రాసుకుని, మిగిలినదానినే లాభమని చెప్పి, దానిమీదనే పన్ను కడుతుంది. 22 శాతం మార్గాన్ని ఎంచుకున్న కంపెనీకి కూడా ఈ సాధారణ తరుగుదల ఉంటుంది. కంపెనీ బ్యాటరీ వాహనం కొంటే ఆదాయపు పన్ను నిబంధనలు ఏటికి 40 శాతం తరుగుదలను అనుమతించినాయి. మామూలు కారుకు అది 15 శాతమే. అనగా లక్ష రూపాయల విద్యుత్ బండికి మొదటి ఏడు 40,000, మిగిలిన 60,000 మీద రెండవ ఏడు 24,000 ఖర్చు క్రింద వ్రాసుకోవచ్చు. బండి ఇంకా నడుస్తూనే ఉంటుంది. దాని స్థానంలో మరొకటి కొనడానికి కావలసిన సొమ్ము లెక్కల పుస్తకంలో అప్పుడే ప్రక్కకు తొలగింది.

వాడ గేటు వెలుపల నిలిచిన 'టోటో'కు అటువంటి పుస్తకం లేదు. బెంగాలంతటా బ్యాటరీ రిక్షాకు జనం పెట్టుకున్న పేరు టోటో. 2015లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 4,000 వాట్లకు మించని మూడు చక్రాల బ్యాటరీ బండికి చట్టంలో చోటిచ్చారు. గంటకు 25 కిలోమీటర్లకు మించరాదు. ఎక్కవలసినది నలుగురు, ఎక్కేవారి సంఖ్య స్టేషను దగ్గర ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. వర్క్‌షాపులో పని దొరకని, వాడలో కాంట్రాక్టరు పిలిచిన రోజునే పని దొరికే కుర్రవానికి ఇది కనబడిన దారి. దానికి మూలధనం ఎక్కడిది? చాలా ఇళ్లలో తండ్రి విశ్రాంతి తీసుకున్న నాడు వచ్చిన సొమ్మో, తల్లి పాడిన చీటీయో. అనగా మూడు తరాల రైలు పొదుపు, నాలుగు బ్యాటరీలుగా మారి, రాత్రివేళ వసారాలో ఛార్జింగు తీగకు తగులుకుని ఉంటుంది.

ఈ సందర్భంలో ఒక చిన్న లెక్క వేసి చూడడం మంచిది. అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఊరినిబట్టి, బండినిబట్టి మారుతాయి. బ్యాటరీలు కాక బండి 1,20,000 రూపాయలనుకుందాము. బ్యాటరీల జత 40,000. మొత్తం 1,60,000. బండి ఐదేళ్లు మన్నుతుందనుకుంటే ఏటికి 24,000 అరుగుతుంది. రోజూ నడిచే బండిలో సీసపు బ్యాటరీలు సుమారు ఏడాదికి నీరసిస్తాయి. పాతవాటి సీసానికి 4,000 తగ్గించినా కొత్త జతకు 36,000 కావాలి. రెండూ కలిపి 60,000. ఏడాదిలో 300 రోజులు నడిస్తే రోజుకు 200 రూపాయలు. కరెంటు ఖర్చు పోను జేబులో 500 మిగిలిన రాత్రి, టోటో యజమాని దృష్టిలో అతని సంపాదన 500. కంపెనీ లెక్కలు వ్రాసే గుమాస్తా దృష్టిలో 300. ఆ 1,60,000 బ్యాంకులో 7 శాతానికి వేసి ఉంటే ఏటికి 11,200 వచ్చేవి. వాటిని కూడా తీసివేస్తే ఎండలో, వానలో పది గంటలు బండి తోలినందుకు దక్కిన అసలు కూలి రోజుకు 263 రూపాయల లోపు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ 200 రూపాయలు మొదటి రోజునుంచీ కనబడకుండా పోతాయి గాని, ఒక్కసారిగా అడగబడేది ఏడాది చివర. బ్యాటరీలు ముందు 80 కిలోమీటర్లు లాగినవి 60కి, 40కి దిగుతాయి. మధ్యాహ్నం రెండవసారి ఛార్జింగు పెట్టవలసి వస్తుంది. బేరం ఎక్కువగా ఉన్న వేళ బండి ఇంట్లో ఉంటుంది. చివరకు కొత్త జత కోసం అప్పు చేయడమో, మరొక చీటీని ఎక్కువ తగ్గింపుకు పాడడమో తప్పదు. తండ్రి సొమ్ము తిరిగి రాకపోగా దానికి తోడు ఒక బాకీ మొదలవుతుంది. రైల్వేలో తాత జీతంనుంచి అడగకుండానే విరిచినవారున్నారు. టోటో సంపాదనలో విరిచేవారెవరూ లేరు. ఖరగ్‌పూరు మీదుగా పోయే విద్యుత్ రైలు పైనున్న తీగనుంచి కరెంటు తీసుకుంటుంది, దానికి ఈ బ్యాటరీ బాధ లేదు. ఈ ఊరు విద్యుత్ వాహనాన్ని అర్ధశతాబ్దికి పైగా ఎరుగును, కాని కరెంటును మోసుకుపోయే పెట్టె అరిగిపోతుందన్న అనుభవం దానికి కొత్త.

పన్నుల విధానం కూడా ఈ బండికి వింతగా తగిలింది. 2019 ఆగస్టు 1 నుంచి విద్యుత్ వాహనాలమీద జి.ఎస్.టి.ని 12 శాతంనుంచి 5 శాతానికి తగ్గించారు. టోటో కొన్ననాడు ఆ మేలు అందింది. కాని ఏడాది తిరిగేసరికి విడిగా కొనవలసిన సీసపు బ్యాటరీమీద పన్ను 28 శాతం. లిథియం బ్యాటరీమీద 18. అది 2025 సెప్టెంబరు 22న గాని సమానంగా 18 కాలేదు. బండి ఒకసారి కొనేది, బ్యాటరీ పలుమార్లు కొనేది. ఖరీదైన మేలు ఒకసారి, భారమైన పన్ను పలుమార్లు. ఇక ఫేమ్ రెండవ దశ అని పేరుపొంది 2024 మార్చి 31న ముగిసిన 10,000 కోట్ల పథకమూ, దాని తరువాత 2024 అక్టోబరు 1న మొదలైన 10,900 కోట్ల పి.ఎం. ఇ-డ్రైవ్ పథకమూ అధునాతన బ్యాటరీలు గల బండ్లకే సహాయమిచ్చినాయి. సీసపు బ్యాటరీ టోటో ఆ పరిధిలోనికి రాలేదు. విద్యుత్ వాహనం కొన్న అప్పుమీది వడ్డీకి ఏటికి 1,50,000 వరకు ఆదాయపు పన్ను మినహాయింపు 2019 ఏప్రిల్ నుంచి 2023 మార్చి వరకు మంజూరైన అప్పులకు వర్తించింది. అసలు ఆదాయపు పన్ను కట్టేంత ఆదాయమే లేనివానికి ఆ మినహాయింపు ఎందుకు? విద్యుత్ కారు కొన్న ఇంజనీరుకు ఉపయోగపడి ఉండవచ్చు. ఈ విధానాలు వ్రాసినవారికి టోటో వారిపట్ల ద్వేషమేమీ లేదు. వారి కళ్లముందున్నది షోరూము బండి, అంతే.

లిథియం బ్యాటరీ ఈ లెక్కను మార్చగలదా అన్నది ఇప్పుడు టోటో స్టాండులలో నడిచే చర్చ. ధర ఎక్కువ, బరువు తక్కువ, ఛార్జింగు త్వరగా అవుతుంది, జీవితం కొన్నేళ్లు. ఏడాదికొక జత మార్చే ఖర్చు, మూడు నాలుగేళ్లకొకసారి పెద్ద ఖర్చుగా మారుతుంది. రోజువారీ తరుగు తగ్గవచ్చు, కాని ఒక్కసారి కావలసిన మొత్తం పెరుగుతుంది గనుక దాచే అలవాటు లేని ఇంటికి దెబ్బ ఆలస్యంగా, గట్టిగా తగులుతుంది. సీసపు బ్యాటరీకి బెంగాలులో పేరుమోసిన ఎక్సైడ్ కర్మాగారాలు శ్యామ్‌నగర్‌లోను హల్దియాలోను ఉన్నాయి. లిథియం వైపు అడుగు వేసిన తెలుగు సంస్థ అమరరాజా. తిరుపతి చెంత కరకంబాడిలో 1985లో పుట్టిన ఆ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేసింది. పెట్టుబడి 9,500 కోట్లుగా ప్రకటించారు. ఖరగ్‌పూరు టోటోలో రేపు పడుకునే సెల్ పాలమూరునుంచి ఆ 16వ నెంబరు రహదారి మీదుగానే వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇంతకూ తరుగును ముందుగానే తీసి దాచడం కంపెనీలకే తెలిసిన విద్య కాదు. తెలుగు పేటలలో ఇటువంటి ఏర్పాటుకు సామాగ్రి సిద్ధంగానే ఉన్నది. చీటీ అంటే నెలవారీగా కట్టి ఒకసారి పెద్ద మొత్తం తీసుకోవడమే గదా. పన్నెండు టోటోల వారు పన్నెండు నెలల చీటీ వేసుకుని, ఎవరి బ్యాటరీలు నీరసిస్తే ఆ నెల వారే తీసుకుంటే, పాటలో నష్టపోయే పని కూడా ఉండదు. నెలకు మూడువేలు, అంటే రోజుకు దగ్గర దగ్గర 120. పైన చెప్పిన 36,000 సరిగ్గా అంతే. కాకపోతే ఇందులో అపాయం లేకపోలేదు. ముందుగా తీసుకున్నవాడు తరువాత కట్టకపోవచ్చు. అందరి బండ్లూ ఒకే పండుగకు కొన్నవైతే అందరి బ్యాటరీలూ ఒకే నెలలో చచ్చిపోవచ్చు. విద్యాసాగరుడు తన ఫండును విడిచిపెట్టవలసి వచ్చినది లెక్క తప్పి కాదు, మనుష్యులతో పొసగక.

చీకటి పడేసరికి విద్యాసాగర్ పార్కులో షిఫ్టు దిగుతుంది. హెల్మెట్లు చంకన పెట్టుకున్న కాంట్రాక్టు కార్మికులు గేటు దాటి వస్తారు. వారిలో భవిష్యనిధి ఖాతా ఉన్నవారు తమ సెల్‌ఫోనులో దాని నిల్వ చూసుకోగలరు. లేనివారు ఆనాటి కూలి జేబులో వేసుకుని రోడ్డుమీదికి నడుస్తారు. టోటోలు వరుసగా నిలిచి ఉంటాయి. నలుగురు ఎక్కవలసిన దానిలో ఆరుగురు ఎక్కుతారు. స్టేషను దాకా పోగలనో లేదోనని తోలేవాడు మీటరు ముల్లు వంక ఒకసారి చూసి, నిమ్‌పురా దిక్కుగా బండి తిప్పుతాడు.